నీళ్లు సమంగా కనిపించే ఎత్తు

గోడల మీద సీనరీలు వేసే పిల్లలు అప్పుడప్పుడు కోరుట్లలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ గ్లాసు చేతికి అందకముందే ఫోన్ తీసి ఏదో బొమ్మ చూపిస్తారు. "మార్తక్కా, గీ ఆకులు ఎట్ల ఏసిన్రు?" అని అడుగుతారు. ఆకుల గురించి అడగని వాళ్లు ఇంతవరకు మా గడప తొక్కలేదు. దూరం ఎట్లా వేయాలని మాత్రం ఎవరూ అడగరు. దూరం తెలియకుండా ఆకులు నేర్చుకుంటే గోడ మీద తయారయ్యేది అడవి కాదు, ఆకుకూరల అంగడి.

భుజం మొరాయించి నిచ్చెన దిగేశాను కాబట్టి ఇప్పుడు తీరిక ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఎన్ని ఊళ్లలో వేశాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. నేర్చుకున్న చోట్లు, తిట్లు తిన్న చోట్లు మాత్రం ఉంటాయి. అందులోనూ రుద్రంగిలో వేసిన ఒక గోడ గురించి ఎక్కువ రాస్తాను. మిగతా గోడలు బాగా రాకపోతే ఇంటివాళ్లు ముఖం ముడుచుకునేవారు, అంతటితో సరి. రుద్రంగిలో మాత్రం ఒక మనిషి మళ్లీ లేచి నడుస్తాడా, మంచానికే అతుక్కుపోతాడా అన్నది తేలాల్సి ఉండింది.

ఆకాశం డబ్బా

మాది మేడిపల్లి. భూమి లేని ఇల్లు. మా నాన్న ఇళ్లకు సున్నాలు వేసేవాడు, నేనూ ఆయన వెంట సున్నం కుంచె పట్టి పెద్దదాన్నయ్యాను. తెల్లగోడ చూస్తే దాని మీద ఏదో ఒకటి గీయాలని చేయి గుంజేది. పెళ్లయి కోరుట్ల వచ్చాక లింబాద్రి సార్ దగ్గర చేరాను. ఆయన ఫోటో స్టూడియోలకు, నాటకాలకు పరదాలు వేసేవారు. ఊళ్లో అందరూ పరదాల లింబాద్రి అనేవారు. ఆడమనిషి నిచ్చెన ఎక్కడమేంటని బజారులో నలుగురూ నవ్వుతుంటే ఆయన ఒక్కటే మాట అన్నారు: "నిచ్చెనకు తెలుస్తదా ఎక్కేటోళ్లు ఆడోళ్లా మొగోళ్లా?" ఆ మాటతో నవ్వులు ఆగలేదు గానీ నాకు పని మాత్రం దొరికింది.

సార్ పద్ధతి ఒకటి చెబుతాను. పని మొదలుపెట్టగానే పెద్ద డబ్బా నిండా ఆకాశం రంగు కలిపేవారు. కింది భాగం ఆకాశం ఎట్లా ఉంటుందో ఆ రంగు: తెలుపు, కొద్దిగా నీలం, చిటికెడు పసుపు. ఆకాశం వేసేయగానే ఆ డబ్బాను పక్కన పెట్టేవారు కాదు. గుట్ట వేయాలంటే గుట్ట రంగులో ఆ డబ్బాలోంచి బాగా పోసేవారు. గుట్ట ముందున్న చెట్లకు కొంచెం తగ్గించి పోసేవారు. ఆ ముందు చెట్లకు ఇంకా తక్కువ. మన కాళ్ల దగ్గరి పొదకు మాత్రం చుక్క కూడా పోయనిచ్చేవారు కాదు.

"తెలుపు కలిపితే రంగు పాలిపోతది, గంతే. ఆకాశం కలుపు. మనకూ ఆ గుట్టకూ నడుమ ఉన్నది గాలే గదా. గా గాలి ఎయ్యాలె మార్తా, గుట్ట దానంతటదే ఎనకకు పోతది," అనేవారు.

చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. దూరపు చెట్టు కూడా పచ్చగానే ఉంటుంది కదా అని మనసు మొండికేస్తుంది. ఉండదు. మేడిపల్లి రోడ్డు మీద నిలబడి పొద్దున్నే చూడండి. దగ్గరి వేపచెట్టు పచ్చగా ఉంటుంది, దాని వెనక తుమ్మలు బూడిద పచ్చగా ఉంటాయి, ఆ వెనక తాటిచెట్లు నీలం పొగలా ఉంటాయి. తాళ్లకు మట్టలున్నాయని మనకు తెలుసు కాబట్టి మట్టలు కనిపిస్తున్నాయని అనుకుంటాం. తెలిసింది వేయకండి, కనిపించింది వేయండి. ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పానో, ఎంతమంది తల ఊపి వెళ్లి మళ్లీ మట్టలు లెక్కపెట్టి వేశారో!

పెళ్లికొడుకు తలలో మొక్క

ఆకుల సంగతికి వస్తాను, లేకపోతే మీరు చదవడం మానేస్తారు. ఆకులకు మా పనిముట్టు సిరిసిల్ల మగ్గాల దగ్గర పారేసే దారాల చిక్కు. మెకానిక్‌లు చేతులు తుడుచుకుంటారే, అదే. పిడికెడు చిక్కును ఉండ చేసి, రంగులో ముంచి, పాత కాగితం మీద సగం రంగు వదిలించి, గోడకు అద్దాలి. అద్దిన ప్రతిసారీ ఉండను చేతిలో తిప్పాలి. తిప్పకపోతే ఒకే ముద్ర వరసగా పడి, చెట్టు కాస్తా చీర అంచులా తయారవుతుంది. మొదట నల్లపచ్చ, అంటే చెట్టు లోపలి చీకటి. దాని మీద నడిమి పచ్చ. చివర్న ఎండ పడే వైపు మాత్రం పసుపుపచ్చ, అదీ పొదుపుగా. తర్వాత ఆకాశం డబ్బా తీసుకుని ఆకుల మధ్యలో అక్కడక్కడా సందులు పెట్టాలి. ఆ సందుల్లోంచి పిట్ట దూరి అవతలికి పోగలగాలి. సందు లేనిది చెట్టు కాదు, పచ్చరంగు వేసిన బండ.

ఇదంతా తెలిశాక కూడా సిరిసిల్లలో ఒక స్టూడియో పరదా పాడుచేశాను. సార్‌కు జ్వరం వచ్చి మొదటిసారి పరదా మొత్తం నాకు అప్పగించారు. దొరికిందే అవకాశమని నాకొచ్చిన ఆకులన్నీ అందులో వేశాను. పరదా నడిమధ్యలో కాశీరత్నం తీగ ఒకటి, ఆకు ఆకుకూ ఈనెలు తీసి మరీ వేశాను. వేసి మురిసిపోయాను. నెల తిరక్కుండానే స్టూడియో ఆయన ఫోటోల కట్ట పట్టుకుని కోరుట్ల వచ్చాడు.

"ఏందమ్మా గిది? పెండ్లికొడుకు తలకాయల మొక్క మొలిసింది. పెండ్లిపిల్ల చెవులకెళ్లి తీగ పారింది. ఆల్ల మామ నన్ను కొట్టుడొక్కటే తక్కువ!" అన్నాడు.

సార్ ఫోటోలు ఒక్కొక్కటిగా చూశారు. నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు. నాకేమో భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. స్టూడియో ఆయన వెళ్లాక సార్ అన్నారు: "పరదా ముందట మనిషి నిలవడ్తడు గదా. ఆయనకు జాగ ఇడిసిపెట్టాలె. నీ బొమ్మ ఎవ్వలు చూడనీకి, ఎక్కడ ఉండి చూడనీకి అని ముందుగాల అడుగు. బ్రష్షు తర్వాత పట్టు."

అప్పటినుంచి దగ్గరి ఆకులన్నీ అంచులకు నెట్టాను. నడుమంతా పలచగా, పొగమంచులా వదిలేశాను. కానీ సార్ చెప్పిన మాటలో ఎక్కడ ఉండి చూస్తారన్న సగం నా బుర్రకు ఎక్కలేదని తర్వాత తెలిసింది.

మంచుకొండ కింద కొబ్బరిచెట్లు

పరదాలు పోయి ఇళ్ల గోడలు వచ్చాయి. జగిత్యాలలో కొత్త ఇల్లు కట్టిన ప్రతివాళ్లకూ హాల్లో ఒక సీనరీ కావాల్సిందే. మంచుకొండ కావాలి, జలపాతం కావాలి, దాని కింద హంసలు కావాలి, పక్కన కొబ్బరిచెట్లు కావాలి, చెట్టు కింద నెమలి ఉండి తీరాలి. ఒకాయన జింక కూడా అడిగాడు. జింకకు జాగ లేదంటే "హంసను జర జరుపు మేడం" అన్నాడు.

కొత్త పిల్లలు ఇట్లాంటి చోట ముఖం చిట్లిస్తారు. అది తప్పు. ఆ గోడ ఆయనది, దాని ముందు కూర్చుని అన్నం తినేది ఆయన. మంచుకొండ కింద కొబ్బరిచెట్లు అడిగితే వేయండి. కానీ గాలి మాత్రం ఒక్కటే ఉండాలి. ఒకే ఆకాశం డబ్బాలోంచి కొండకూ పోయాలి, కొబ్బరికీ పోయాలి, హంస కింది నీళ్లకూ పోయాలి. అప్పుడు ఆ విడ్డూరం కూడా ఎక్కడో ఉన్న చోటులాగే కనిపిస్తుంది. ఇంకో మాట, తిట్టుకోకండి: ఫోన్‌లో బొమ్మ చూసి వేసేవాళ్లకు దూరం రాదు. ఫోన్ దూరాన్ని అరచేతిలోకి తెస్తుంది. మీరు చేయాల్సింది దానికి తలకిందుల పని.

రుద్రంగి గోడ

సార్ పోయి చాలా కాలమైంది. నా పేరు అప్పటికి కొంచెం వినబడుతోంది. ఒకరోజు రుద్రంగి నుంచి రాజవ్వ అనే ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త ఎల్లాగౌడ్ కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. చెట్టెక్కే తాడు, అదే మోకు, జారి కిందపడి తుంటి బొక్క విరిగింది. జగిత్యాలలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. బొక్క అతికింది, ఇక లేచి కూర్చోవాలి, వాకర్ పట్టుకుని నిలబడాలి, ఆలస్యం చేస్తే కాళ్లు పట్టేసి మంచంలోనే ఉండిపోతాడని డాక్టర్ గట్టిగా చెప్పాడట. ఈయన లేస్తే కదా!

"అతకలే అంటడు అక్కా. లెవ్వు అంటే గోడదిక్కు తిరుగుతడు. పొద్దుందాక గోడనే చూస్తడు. గా గోడ మీద ఏమన్న ఉంటె మనసన్న మారుతదేమో. నువ్వచ్చి ఏమన్న ఎయ్యి. లేకుంటె నేనే ఎటన్న పారిపోత," అని రాజవ్వ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను డబ్బాలు సర్దుకున్నాను.

ఎల్లాగౌడ్ ముఖం ఎట్లా ఉండిందంటే, నేను ఆయన్ను చెట్టు మీంచి తోసినట్టే ఉండింది. ఏం వేయమంటావన్నా అని అడిగితే పైకప్పు చూస్తూ జవాబిచ్చాడు.

"ఏమెయ్యమంటె గదేస్తవా? అయితె మా తాళ్లకాడికి పోయే బాటల కనవడేది ఎయ్యి. నాట్లకు నీళ్లు వెట్టిన పొలాలు. పొలాలెనక ఈదులు. ఈదులెనక తాళ్లు. తాళ్లెనక గుట్ట."

"నీళ్లల్ల ఆకాశం కనవడాలెనా?"

ఆయన మొదటిసారి నా వైపు చూశాడు. "కనవడకుంటె నీళ్లెట్లయితయి?"

మంచాన్ని ఎదుటి గోడకు జరిపించి పని మొదలుపెట్టాను. ముందుగా రాజవ్వతో ఆ తాటివనం దగ్గరికి వెళ్లి చూసొచ్చాను. తర్వాత సుద్ద దారం లాగి గోడకు కొట్టి కంటిగీత పెట్టాను. కంటిగీత అంటే నేల పోయి ఆకాశానికి తగిలే గీత. చూసేవాళ్ల కంటి ఎత్తులో అది ఉండాలి. అప్పుడే నేల పరుచుకున్నట్టు, నీళ్లు సమంగా నిలిచినట్టు కనిపిస్తాయి. నేను నిలబడి, ఎప్పటిలాగే నా కంటి ఎత్తు చూసుకుని గీత కొట్టాను. మా పనివాళ్లందరం అంతే. నిలబడి వేస్తాం కాబట్టి ప్రపంచమంతా నిలబడే చూస్తుందనుకుంటాం.

ఆ గోడ నిజంగా బాగా కుదిరింది. గుట్టను ఆకాశంలో దాదాపు కలిపేశాను. తాళ్లను మెత్తటి బ్రష్‌తో నీలం మరకల్లా పెట్టాను. ఈదులకు, అంటే ఈతచెట్లకు, దారపు ఉండ, వాటి ముందు గట్ల మీద గడ్డి, ఎడమ అంచున మాత్రం చీకటి పచ్చలో వంగిన కానుగ కొమ్మ. దాని ఆకుల సందుల్లోంచి వెనక పొలం నీళ్లు మెరుస్తాయి. పొలాల్లో ఆకాశం రంగే పోసి, గట్ల నీడ లాగాను. పని చేసినన్ని రోజులూ ఎల్లాగౌడ్ కళ్లు బ్రష్ వెంటే తిరిగాయి. మంచం ఆనిన గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాడని రాజవ్వ చెవిలో చెప్పింది. నాకు గర్వం తలకెక్కింది.

చివరిరోజు డబ్బాలు కడుగుతుంటే ఆయన గొంతు వినిపించింది.

"అంత మంచిగున్నది చెల్లె. గని నీళ్లు ఒరిగినయి."

నాకు చురుక్కుమంది. "నీళ్లు ఎక్కడన్న ఒరుగుతయా అన్నా?"

"నేనూ గదే అంటున్న. నీళ్లు ఒరుగయి. నువ్వు ఒరగగొట్టినవ్. గిట్ల చూస్తుంటె పొలమంత నా మీదికి ఒలికేటట్టున్నది."

దారం తెచ్చి గోడకు పట్టి చూపించాను. గీత సమంగా ఉంది. ఆయన ఒప్పుకోలేదు. నేను ఊరుకోలేదు. కాసేపు ఇద్దరం చిన్నపిల్లల్లా వాదించుకున్నాం. చివరికి కోపంతో మంచం పక్కన నేల మీద కూలబడి, తల దిండు ఎత్తుకు పెట్టి గోడకేసి చూశాను. ఆయన అన్నది నిజం. పడుకున్న మనిషికి నా కంటిగీత ఎక్కడో మీద ఉంది. పొలాలు పొలాల్లా పరుచుకోలేదు, ఇంటి పైకప్పులా వాలి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు అడగాల్సిన మాట నేను అడగలేదు. ఎవరు చూస్తారో తెలుసు, ఎట్లా పడుకుని చూస్తాడో కళ్లముందే ఉంది, అయినా నిలబడి గీత కొట్టాను.

ఆ గీత దించాలంటే గోడంతా చెరిపేయాలి. చేసేదేముంది, తప్పు నాదే. ఆకాశం డబ్బా మూత తీసి, వెడల్పు బ్రష్ ముంచి, గుట్ట మీద పెట్టబోయాను.

"ఆగాగు, అంత తుడుస్తవా ఏంది? గుట్ట మంచిగనే ఉన్నది. గిగో, గీ ఈదుల కింద గట్టు ఉన్నది సూడు," అంటూ ఆ గట్టు చూపించడానికి ఎల్లాగౌడ్ మోచేతి మీద లేచాడు. అట్లాగే ఆగిపోయాడు. తల కొంచెం అటూ ఇటూ ఆడించాడు. "గిదేంది? గిప్పుడు తక్కువ ఒరిగింది."

గుమ్మంలో రాజవ్వ బిందె పట్టుకుని నిలబడిపోయింది. ఆపరేషన్ అయినప్పటినుంచి ఆయన తనంతట తాను దిండు మీంచి తల ఎత్తడం ఆమె చూడలేదు. నా చేతిలో బ్రష్ నుంచి రంగు నేల మీద కారుతోంది. నేను బ్రష్‌ను మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

"అన్నా, నేను గీత దించ," అన్నాను.

"దించవా?"

"దించ. నువ్వు లేసి కూసుంటె ఇంక సమమైతది. నిలవడితె మొత్తం సమమైతది."

ఎల్లాగౌడ్ ముఖం ఎర్రబడింది. "బొమ్మెయ్యమంటె డాక్టర్ లెక్క మాట్లాడవడ్తివి! తప్పు నువ్వు చేసి లెవ్వుమని నన్నంటవా? గిదేం నాయమే రాజవ్వా?"

రాజవ్వ బిందె దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నేను డబ్బాలు ఎత్తుకుని బయటపడ్డాను.

కోరుట్ల బస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది. ఆయన తిక్క మనిషి. పంతానికి మళ్లీ మంచం ఆనిన గోడవైపు తిరిగి పడుకుంటే? ఒరిగిన నీళ్లు రోజూ చూసి ఇంకా విసిగిపోతే? నా తప్పును కప్పిపుచ్చుకోవడానికి ఒక రోగి మీద పందెం కాశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ వారం అన్నం సహించలేదు.

వారానికి రాజవ్వ ఫోన్ చేసింది. "అక్కా, నిన్ను తిట్టుడు షురూ చేసిండు. పండుకోని తిడితె దమ్ము సాల్తలేదని దిండ్లు ఎనక పెట్టుకోని కూసుంటున్నడు. కూసోని గోడను చూసుకుంట తిడుతుండు." వినగానే నాకు తీపి తిన్నట్టయింది. తిట్టనీ, ఇంకా గట్టిగా తిట్టనీ అన్నాను.

ఆ తర్వాత వాకర్ వచ్చింది. మొదట మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడట, కూలబడ్డాడట, రాజవ్వను తిట్టాడట, వాకర్‌ను తిట్టాడట, ఎక్కువ వంతు నాకే దక్కిందట. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. రాజవ్వ నంబరే గానీ గొంతు ఆయనది. ఆయాసపడుతున్నాడు.

"చెల్లె, నిలవడ్డ," అన్నాడు. "నీళ్లు సమమైనయి." ఇంకేదో అంటాడని ఎదురుచూశాను. పెట్టేశాడు. నేను వంటింట్లోనే ఉండి కాసేపు ఏడ్చుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఈ కథ విని "అయితే కావాలనే గీత మీదికి పెట్టాలె గదా అక్కా" అని ఒక తెలివైన పిల్ల అడిగింది. వద్దు తల్లీ. నా తప్పు అక్కడ కలిసొచ్చింది. అట్లా ప్రతిచోటా కలిసిరాదు. మీరు మాత్రం గోడ చూడగానే గీత కొట్టకండి. ఆ గదిలో మనుషులు ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ పడుకుంటారో, ముందు మీరూ అక్కడ కూర్చుని, పడుకుని చూడండి. నవ్వితే నవ్వనివ్వండి. ఆ తర్వాతే ఆకాశం కలపండి.

వాన కారు దాటాక, రుద్రంగి మీదుగా పోతూ బస్సు దిగి గౌడన్న ఇంటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆయన్ను చూడాలని కొంత, నా గోడ చూసుకోవాలని ఎక్కువ. గదిలోకి అడుగుపెట్టి బిత్తరపోయాను. మంచం లేదు. గోడకు అడ్డంగా మక్కజొన్నల బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. పొలాలు లేవు, ఈదులు లేవు, నా కానుగ కొమ్మ లేదు. మీద గుట్ట కొస, కొంత ఆకాశం మాత్రం కనిపిస్తున్నాయి.

రాజవ్వ నొచ్చుకుంది. "ఏమనుకోకు అక్కా. జాగ లేక పెట్టినం. ఆయన చూస్తడా అంటె ఇంట్ల ఉంటె గదా! కట్టె వట్టుకోని తెల్లారంగనే పొలాల దిక్కు వోతడు. బువ్వకు పిలిచినా రాడు."

నా బొమ్మల మీద మేకు కొట్టినవాళ్లతో, క్యాలెండర్ తగిలించినవాళ్లతో, అల్మారా ఆనించినవాళ్లతో జీవితమంతా గొడవపడ్డాను. ఆ బస్తాలను మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ఇంకో వరస పేర్చినా ఏమీ అననని రాజవ్వతో చెప్పి, ఒక బస్తా మీద కూర్చుని చాయ్ పెట్టమన్నాను.